మంగళగిరి మీద మధ్యాహ్నం కాని చీకటి: గుంటూరు సీమలో ఖగోళ పరిశీలన

పత్తి, మిరప పండే మైదానం మధ్య, ఏనుగు పడుకున్నట్టు కనిపించే కొండను ఆనుకొని గుంటూరుకు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగళగిరి చరిత్ర సాధారణంగా పానకాల నరసింహస్వామితో మొదలై, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం మీదుగా చేనేత మగ్గాల దాకా వచ్చి ఆగుతుంది. ఆ గోపురానికి అరవై ఏళ్ళు నిండుతున్న కాలంలో దాని మీద పడిన ఒక నీడ సంగతి మాత్రం ఆ చరిత్రలో అరుదుగా వినిపిస్తుంది. విభవ నామ సంవత్సరం శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం, అంటే 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం 9 గంటల ప్రాంతంలో, చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేయగా, బిజాపూర్, గుంటూరు, మచిలీపట్నంల మీదుగా సాగిన ఆ నీడ దారిలో మంగళగిరి కూడా నిండా మునిగింది. గుంటూరు ప్రాంతంలో ఆ చీకటి ఐదు నిమిషాలకు మించి నిలిచింది. సంపూర్ణ సూర్యగ్రహణం ఏ పరిస్థితిలోనైనా ఏడున్నర నిమిషాలకు మించి ఉండదు కనుక, ఇది చాలా దీర్ఘమైన గ్రహణాలలో ఒకటి.

సంపూర్ణ గ్రహణం ఒక నిర్ణీత స్థలానికి సగటున కొన్ని వందల ఏళ్ళకు ఒకసారి గాని రాదు. సూర్యుడి వెలుగు పూర్తిగా మరుగైనప్పుడు మాత్రమే దాని చుట్టూ ముత్యపు రంగులో పరచుకొని ఉండే పలుచని బాహ్య వాతావరణం, అంటే కరోనా, మామూలు కంటికి కనబడుతుంది. బింబపు అంచు నుంచి ఎగసే ఎర్రని నాలుకల వంటి సౌరజ్వాలలు కూడా అప్పుడే కనబడతాయి. 1868 నాటికి ఆ జ్వాలలు సూర్యుడివేనని పండితులు చాలావరకు అంగీకరించినా, అవి దేనితో తయారయ్యాయో ఎవరికీ తెలియదు. అది తేల్చగల పరికరం మాత్రం అప్పుడే చేతికి వచ్చింది. దాని పేరు వర్ణపటదర్శిని, అంటే స్పెక్ట్రోస్కోపు. వెలుగును గాజుపట్టకం గుండా పంపి రంగులుగా విడదీసే ఈ సాధనంలో, మండే ఘనపదార్థపు వెలుగు తెగని రంగుల పట్టీగా కనిపిస్తే, వేడెక్కిన వాయువు వెలుగు విడివిడి ప్రకాశ గీతలుగా కనిపిస్తుంది. ఏ మూలకానికి ఆ మూలకపు గీతలు వేరుగా ఉంటాయి.

ఈ పరీక్ష కోసం పలు దేశాల పరిశీలకులు నీడ దారి వెంట మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. అదే అబ్జర్వేటరీలో ప్రథమ సహాయకుడిగా ఉన్న చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళాడు. గుంటూరుకు రెండు బృందాలు వచ్చాయి. మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెనంట్ నాయకత్వంలో ఇంగ్లీషువారి బృందం ఒకటి, పారిస్ నుంచి వచ్చిన పియర్ జూల్ సీజర్ జాన్సెన్ మకాం మరొకటి. జాన్సెన్‌కు గుంటూరులో ఆశ్రయం దొరకడానికి కారణం ఆకాశం కాదు, పత్తి. సర్కారు జిల్లాల పత్తి అప్పట్లో గుంటూరులో పోగుపడి, మచిలీపట్నం, కాకినాడ రేవుల గుండా యూరపు వెళ్ళేది. ఆ వ్యాపారంలో స్థిరపడిన ఫ్రెంచి వర్తకులలో ఒకరైన లెఫోషర్ తన ఇంటి పై అంతస్తును ఈ పరిశీలనకు ఇచ్చాడు. ఈ మైదానపు నల్లరేగడి నేలకూ, సూర్యుడి భౌతికశాస్త్రానికీ మధ్య ఉన్న ఈ సంబంధం స్థానిక చరిత్రకారులు విడిచిపెట్టదగినది కాదు.

గ్రహణ సమయంలో గుంటూరు మీద పలుచని మబ్బు కమ్మినా పని ఆగలేదు. టెనంట్ బృందం ఛాయాచిత్రాలు తీసింది. జాన్సెన్ వర్ణపటదర్శినిని సౌరజ్వాలల మీదికి తిప్పగా తెగని పట్టీకి బదులు మెరిసే గీతలు కనబడ్డాయి. జ్వాలలు వాయుమయమనీ, వాటిలో హైడ్రోజన్ ప్రధానమనీ దానితో స్పష్టమైంది. ఇదే నిర్ణయానికి నీడ దారిలోని ఇతర పరిశీలకులు కూడా వచ్చారు కనుక, గుంటూరుకు ప్రత్యేకమైన ఘనత దీనివల్ల రాలేదు. అది మరునాడు వచ్చింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని పట్టుకోవచ్చునని జాన్సెన్‌కు తోచింది. వర్ణపటదర్శిని గుండా పోయిన ఆకాశపు వెలుగు అన్ని రంగులలోకీ పరచుకొని పలుచబడుతుంది; జ్వాల వెలుగు మాత్రం ఒకటి రెండు గీతలలోనే కుదురుకొని ఉండటం వల్ల పలుచబడదు; అందుచేత పట్టపగలు కూడా గీత ఆకాశాన్ని మించి కనబడుతుంది. ఆగస్టు 19 ఉదయం గుంటూరులోనే ఆయన ఈ పద్ధతిని ప్రయోగించి, మామూలు సూర్యుడి అంచున జ్వాలలను చూశాడు. అంతవరకూ తరానికి కొన్ని నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యం ఆనాటి నుంచి ప్రతి పగలూ దొరికేదైంది.

గుంటూరును హీలియం పుట్టిన ఊరుగా చెప్పుకోవడం ఈ సీమలో ఉంది. ఆ మాటను కొంత సరిదిద్దుకోవలసిన అవసరమూ ఉంది. గ్రహణంనాడు పలువురు పరిశీలకులు ఒక పసుపు గీతను చూసి, సోడియం గీతలుండే చోటనో దానికి దగ్గరలోనో ఉన్నట్టు నమోదు చేశారు. వారిలో మచిలీపట్నంలోని పాగ్సన్ కూడా ఉన్నాడు. జాన్సెన్ దృష్టి హైడ్రోజన్ గీతల మీద, తాను కనిపెట్టిన పద్ధతి మీద ఉంది. గ్రహణాన్ని చూడకుండానే, అదే పద్ధతిని స్వతంత్రంగా ఆలోచించిన నార్మన్ లాకియర్ 1868 అక్టోబరు 20న ఇంగ్లండులో జ్వాలలను చూసి, ఆ పసుపు గీత సోడియంది కాదని తేల్చి, తరువాత దానిని కొత్త మూలకానికి ఆపాదించాడు. సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అని పిలిచిన ఆ మూలకాన్ని భూమి మీద విలియం రామ్సే వేరుచేసింది 1895లో. లాకియర్ లేఖ, సముద్రం దాటి వెళ్ళిన జాన్సెన్ లేఖ పారిస్ అకాడమీకి ఒకే రోజున అందగా, ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది. కనుక హీలియం ఘనతను మచిలీపట్నం, గుంటూరు, లండను పంచుకోవాలి. గ్రహణం లేకుండా సూర్యుడిని చదివే పద్ధతి మాత్రం నిస్సందేహంగా గుంటూరు గడ్డ మీద మొదలైంది. హీలియం కథ కంటే ఈ నిజం పెద్దది.

అయితే జాన్సెన్, టెనంట్ పరికరాలు కట్టుకొని వెళ్ళిపోయారు. గ్రహణం తెచ్చిన శాస్త్రం గ్రహణంతోపాటే సాగిపోయింది. ఈ మైదానంలో దాని వెనుక పరిశీలకులెవరూ మిగలలేదు. ఒక ప్రాంతంలో ఖగోళశాస్త్రం నిలవాలంటే వచ్చి వెళ్ళేవారు చాలరు, అక్కడే ఉండి, జీవనోపాధి కోసం కాక ఇష్టంతో రాత్రి తరువాత రాత్రి ఆకాశాన్ని నమోదు చేసేవారు కావాలి. ఔత్సాహిక పరిశీలకులు అనే మాటకు అర్థం ఇదే. అలాంటివారు తెలుగు తీరంలో ఆనాటికే ఉన్నారు గాని, గుంటూరులో కాదు, విశాఖపట్నంలో. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ వద్ద అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు (1817-1856) విశాఖలో తన ఇంటి ఆవరణలో 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) ప్రభుత్వోద్యోగం మానుకొని దానిని నడిపాడు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడై, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిన శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించాడు. ఆ ఆవరణ ఉన్న విశాఖలోని డాబాగార్డెన్స్ పేరు నేడు విన్నవారిలో అక్కడ ఒకప్పుడు దూరదర్శిని ఉండేదని తెలిసినవారు తక్కువ.

వనపర్తికి వెళ్ళిన రఘునాథాచారిది ఉద్యోగమే అయినా, ఆయన చేసిన పనిలో ఔత్సాహికులకు పాఠం ఉంది. 1867లో ఆయన దక్షిణాకాశంలోని ఆర్ రెటిక్యులై అనే చరనక్షత్రాన్ని కనుగొన్నాడు. ప్రకాశం కాలంతోపాటు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని చరనక్షత్రం అంటారు. పక్కనున్న స్థిర నక్షత్రాలతో పోల్చి దాని ప్రకాశాన్ని అంచనా వేయడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు, ఏళ్ళ తరబడి ఓపిక ఉంటే చాలు. బెంగాల్‌లోని జెస్సోర్‌లో ఖజానా గుమాస్తాగా పనిచేసిన రాధాగోవింద చంద్ర ఇలాంటి అంచనాలు 37 వేలకు పైగా చేసి అమెరికాలోని చరనక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపాడు. ఉద్యోగం, పరికరం కాక క్రమం తప్పని నమోదే ఔత్సాహికుడిని శాస్త్రజ్ఞుల సరసన నిలబెడుతుందనడానికి ఇంతకంటే గట్టి నిదర్శనం అక్కరలేదు. 1868 గ్రహణాన్ని స్వయంగా గణించి, దానిని చూడటానికి ప్రయాణం చేసి, అక్కడ సోకిన మలేరియాతో అదే సంవత్సరం అక్టోబరు 1న మరణించిన సియాం రాజు మాంగ్‌కుట్ కూడా ఈ కోవకు చెందినవాడే. ఆ నీడ గుంటూరు, మచిలీపట్నం దాటి, బంగాళాఖాతం మీదుగా ఆయన రాజ్యానికే వెళ్ళింది.

ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగునేల మీద ఖగోళ పరిశీలన హైదరాబాదు చుట్టూ కుదురుకొంది. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి రావడం, 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొనడం ఆ కథలో ముఖ్యమైన మలుపులు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం రంగాపూర్ మీదుగా పోయినప్పుడు మంగళగిరి నీడ అంచుకు వెలుపల ఉండి పాక్షిక గ్రహణాన్నే చూసింది. ఆనాడు దేశమంతటా భయంతో ఇళ్ళ తలుపులు మూసుకొన్న జనానికి ఆకాశం చూపించడం ఒక ఉద్యమంగా మారడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు గ్రహణాలనూ తోకచుక్కలనూ పాఠశాలల మైదానాలకు తెచ్చాయి. 2004 జూన్ 8న, 2012 జూన్ 6న మళ్ళీ వచ్చిన శుక్రగ్రహ సంక్రమణాలు నరసింగరావు చూసిన దృశ్యాన్నే ఈ జిల్లాల పిల్లలకూ అందుబాటులోకి తెచ్చాయి. తరువాతి సంక్రమణం 2117లో.

ఔత్సాహిక సంఘపు జీవితం పైకి కనిపించినంత ఆర్భాటమైనది కాదు. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులను ముందే ఎంచుకోవడం, ఊరి వెలుగుకు దూరంగా పొలం గట్టో మేడ మీదో చోటు కుదుర్చుకోవడం, చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది కనుక తెల్ల దీపానికి బదులు ఎర్రదీపం వాడటం, చూసినదానిని వెంటనే గడియారపు సమయంతో సహా పుస్తకంలో రాయడం, తెల్లవారాక తమ లెక్కలను మరో ఊరివారి లెక్కలతో ఫోన్ సందేశాల ద్వారా సరిపోల్చుకోవడం ఆ జీవితంలో ప్రధాన భాగం. జాన్సెన్ లేఖ చేరడానికి పట్టిన వారాలు ఇప్పుడు క్షణాలయ్యాయి గాని, సరిపోల్చడంలోని విలువ మారలేదు. ఒకే చోట ఒకరు చూసినది కేవలం దృశ్యం, రెండు చోట్ల ఇద్దరు సమయంతో రాసినది కొలత.

మంగళగిరి ఆకాశానికి కొన్ని సొంత అనుకూలతలున్నాయి. ఊరి అక్షాంశం 16 డిగ్రీల 26 నిమిషాల ప్రాంతంలో ఉండటం వల్ల ధ్రువనక్షత్రం ఉత్తరాన అంతే ఎత్తులో, అంటే బాగా దిగువన నిలుస్తుంది. దానికి బదులుగా దక్షిణాకాశం విశాలంగా తెరుచుకొంటుంది. పారిస్, లండన్ వాసులకు ఎన్నడూ ఉదయించని అగస్త్య నక్షత్రం ఇక్కడ దక్షిణాన 20 డిగ్రీలకు పైగా లేస్తుంది. వేసవి రాత్రులలో దక్షిణ శిలువ కూడా దిగంతానికి దగ్గరగా కనబడుతుంది. తుఫానుల కాలం ముగిసిన డిసెంబరు నుంచి, మిరప కల్లాలు నిండే ఫిబ్రవరి, మార్చి నెలల దాకా ఆకాశం తేటగా ఉంటుంది. కల్లాల కాపలాకు రాత్రంతా ఆరుబయట గడిపే రైతులకు పిల్లలకోడి అనే కృత్తికల గుంపూ, వేగుచుక్కా గడియారాలుగా పనిచేసిన కాలం మరీ పాతది కాదు. ఆ జ్ఞానాన్ని పెద్దల నోట వినగలిగినప్పుడే రాసి ఉంచడం స్థానిక సంఘాల తొలి బాధ్యతలలో ఒకటి కావాలి. అయితే జాతీయ రహదారి దీపాలు, రాజధాని ప్రాంతంలో పెరుగుతున్న కట్టడాలు, విజయవాడ, గుంటూరుల వెలుగు రెండు వైపుల నుంచీ ఈ ఆకాశాన్ని కమ్ముకొంటున్నాయి. దీపపు గొడుగును కిందికి వంచి, వెలుగును నేల మీదికే పంపితే విద్యుత్తు ఆదా అవుతుంది, పాలపుంత మిగులుతుంది. ఈ విషయాన్ని పురపాలక సంఘాల ముందు పెట్టగల యోగ్యత ఆకాశాన్ని ఏళ్ళుగా నమోదు చేసినవారికే ఉంటుంది.

ఖర్చు లేకుండా మొదలుపెట్టదగిన పని నీడ లేని రోజు పరిశీలన. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రతి ఊరిలోనూ ఏడాదికి రెండు రోజులు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు కర్ర నీడ దాని కాలికిందనే దాగుతుంది. మంగళగిరిలో అది మే 5, ఆగస్టు 7 ప్రాంతాలలో జరుగుతుంది. దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది, ఊరు దానికి పడమరగా ఉంది. అందుచేత, సూర్యుడి చలనంలోని హెచ్చుతగ్గులను కూడా కలుపుకొంటే, ఆ క్షణం మేలో 12 గంటల 4 నిమిషాల ప్రాంతంలో, ఆగస్టులో 12 గంటల 13 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. ఆగస్టులో మబ్బులెక్కువ కనుక మే నెలే నమ్మదగినది. అదే మధ్యాహ్నం విశాఖపట్నంలో నిలబెట్టిన మీటరు కర్ర రెండు సెంటీమీటర్లకు కాస్త మించిన నీడ వేస్తుంది. ఆ నీడ చెప్పే కోణాన్నీ, రెండు ఊళ్ళ ఉత్తర-దక్షిణ దూరాన్నీ కలిపి లెక్కిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉండటం వల్ల నీడ అంచు మసకబారి, అంత చిన్న నీడలో పొరపాటు పెద్దదవుతుంది కాబట్టి, ఢిల్లీ వంటి దూరపు ఊరిలోని మిత్రబృందంతో జతకట్టడం మేలు. అక్కడ అదే మీటరు కర్ర నీడ 21 సెంటీమీటర్లు దాటుతుంది, పాఠశాల స్కేలుతో కొలిచినా 40,000 కిలోమీటర్లకు చేరువైన విలువ దొరుకుతుంది. రెండు చోట్లా కర్ర నిటారుగా ఉందో లేదో తూకపుగుండుతో సరిచూసి, ఎవరి ఊరి మధ్యాహ్నానికి వారు అయిదు నిమిషాల ముందు నుంచే నీడను గుర్తిస్తూ పోయి, అన్నిటికంటే పొట్టి నీడను లెక్కలోకి తీసుకోవాలి.