స్థూలకాయ శస్త్రచికిత్స: తరువాతి జాగ్రత్తల చరిత్ర

స్థూలకాయమును తగ్గించుటకై జీర్ణకోశమునకు శస్త్రచికిత్స చేయించుకొనిన రోగి ఇంటికి మరలునప్పుడు వైద్యులు అతని చేతికి ఒక కాగితము నిచ్చెదరు. అందు కొన్ని నియమములు వ్రాసియుండును. నీటిని గుటక గుటకగా త్రాగవలెను. అన్నముతోపాటు నీరు త్రాగరాదు. మాంసకృత్తులు గల పదార్థమును మొదట తినవలెను. వాంతులు ఆగనిచో వెంటనే ఆసుపత్రికి రావలెను. విటమిను మాత్రలను జీవితాంతము మానరాదు. ప్రతిదినము నడువవలెను. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను.

చూచుటకు ఇవి సామాన్యమైన మాటలు. కాని వీనిలో ప్రతి వాక్యము వెనుకను ఒక చరిత్ర కలదు. కొన్ని నియమములు ప్రయోగశాలలలో పుట్టినవి. కొన్ని పూర్వపు రోగులు పడిన బాధలనుండి పుట్టినవి. ఆ చరిత్ర తెలిసినచో నియమములను పాటించుట తేలిక యగును.

ప్రేగును కుదించిన దినములు

1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అను శస్త్రవైద్యులు కుక్కలపై తాము జరిపిన ప్రయోగములను ప్రకటించిరి. చిన్నప్రేగులో ఏ భాగము ఏ పోషకమును గ్రహించునో తెలిసికొనుట వారి ఉద్దేశము. ప్రేగు యొక్క చివరి సగమును తొలగించినచో క్రొవ్వు సరిగా ఒంటబట్టదనియు, జంతువు బరువు తగ్గుననియు వారు గమనించిరి. ఇదే ఉపాయమును స్థూలకాయులకు వినియోగింపరాదా అను ఆలోచన అప్పుడే బయలుదేరినది.

లాస్ ఏంజెలిస్ నగరమునందలి పేన్ అను వైద్యుడు 1956 నుండి ఈ మార్గమున ప్రయత్నములు చేసెను. చిన్నప్రేగు మొదటి భాగమును నేరుగా పెద్దప్రేగుకు కలిపిన ఆ తొలి పద్ధతిలో రోగుల బరువు తగ్గినది గాని, భరింపరాని విరేచనములు పట్టుకొనినవి. ప్రేగును మరల యథాస్థితికి తెచ్చినంతనే పోయిన బరువు తిరిగి వచ్చినది. పిమ్మట 1969లో పేన్, డివిండ్ అను ఇరువురు మరియొక కొలతను ప్రకటించిరి. చిన్నప్రేగు మొదటినుండి 14 అంగుళములు, చివరినుండి 4 అంగుళములు మాత్రము ఉంచి, ఆ రెంటిని కలిపిరి. మిగిలిన ప్రేగు కడుపులోనే యుండును గాని ఆహారము దానిలోనికి పోదు. మనుష్యుని చిన్నప్రేగు పొడవు సుమారు 20 అడుగులు. ఇప్పుడు ఆహారము నడచు దారి ఒకటిన్నర అడుగు మాత్రమే!

తిండి తగ్గించుకొనకయే బరువు తగ్గుననునది ఈ పద్ధతిలోని ఆకర్షణ. కాని ఒంటబట్టనిది క్రొవ్వు ఒక్కటియే కాదు. విటమిను 'ఎ' లోపించి కొందరికి రేచీకటి కలిగినది. కీళ్లనొప్పులు వచ్చినవి. కొందరికి కాలేయము చెడి ప్రాణాపాయ మేర్పడినది. పలువురికి మూత్రపిండములలో రాళ్లు పుట్టినవి.

ఈ రాళ్ల సంగతి రసాయనశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించును. ఆకుకూరలు మున్నగు వానిలో ఆక్సలేటు అను పదార్థము కలదు. సాధారణముగా అది ప్రేగులోని కాల్షియముతో కలిసి, కరుగని లవణమై, మలముతో వెలికి పోవును. క్రొవ్వు జీర్ణము కానప్పుడు కాల్షియము ఆ క్రొవ్వుతో కలిసిపోవును. తోడు లేని ఆక్సలేటు రక్తములో చేరి, మూత్రపిండములకు పోయి, అచట కాల్షియమును కలిసికొని రాయిగా మారును. ప్రేగులో జరుగవలసిన చర్య మూత్రపిండములో జరిగినదన్న మాట! 1980 ప్రాంతమునకు ఈ శస్త్రచికిత్స దాదాపుగా విడువబడినది.

జీర్ణకోశమును చిన్నది చేయుట

ఇంతలో అయోవా విశ్వవిద్యాలయమునందు ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు వేరొక దారి పట్టెను. జీర్ణకోశపు పుండ్లకై ఆ అవయవములో కొంతభాగమును తీసివేసిన రోగులు తిరిగి బరువు పెరుగలేకపోవుచుండుట వైద్యులకు తెలిసిన విషయమే. మేసన్ దానిని ఉపాయముగా మార్చుకొనెను. 1966లో ఆయన జీర్ణకోశపు పైభాగమును వేరుచేసి, ఆ చిన్న సంచిని చిన్నప్రేగుకు కలిపెను. ఇటో అను సహచరునితో కలిసి 1967లో దీనిని ప్రకటించెను. ఇదియే నేడు 'గ్యాస్ట్రిక్ బైపాస్' అని పిలువబడు పద్ధతికి మూలము. స్విట్జర్లాండు వైద్యుడు సీజర్ రూ పందొమ్మిదవ శతాబ్దపు చివర వాడుకలోనికి తెచ్చిన 'వై' ఆకారపు కలయికను దీనికి 1977లో గ్రిఫెన్ మున్నగువారు జోడించిరి. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ అనువారు పొట్టను పెద్దగా కోయక, చిన్న రంధ్రముల ద్వారా ఈ పనిని చేసిన వృత్తాంతమును ప్రకటించిరి. రోగి త్వరగా కోలుకొనుటకు అది తోడ్పడెను.

'స్లీవ్' అను మరియొక పద్ధతిలో జీర్ణకోశమున సుమారు మూడువంతుల భాగమును తీసివేసి, మిగిలినదానిని అరటికాయ వంటి గొట్టముగా చేయుదురు. మిక్కిలి భారమైన రోగులకు రెండు విడతల చికిత్సలో ఇది మొదటి విడతగా 2000 ప్రాంతమున మొదలైనది. పలువురికి రెండవ విడత అవసరమే లేకపోయెను. నేడు ప్రపంచమున ఎక్కువగా చేయబడునది ఇదియే.

ఈ చికిత్స ఎవరికి తగునో నిర్ణయించుటకు ఒక లెక్క కలదు. బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో వర్గము చేసి, దానితో భాగింపవలెను. 1.60 మీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గలవారికి ఇది సుమారు 35. ఈ సూచిక 40 దాటినను, లేక వ్యాధులు తోడైయుండి 35 దాటినను శస్త్రచికిత్స తగునని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సభ నిర్ణయించెను. 2022లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు ఈ హద్దులను తగ్గించినవి. ఆసియా వారికి తక్కువ బరువుననే మధుమేహము వంటివి వచ్చుచున్నవి గనుక 27.5 నుండియే ఆలోచింపవచ్చునని అవి చెప్పుచున్నవి.

గుటక గుటకగా ఏల?

పూర్వము లీటరు దాక పట్టిన జీర్ణకోశము బైపాస్ తరువాత సుమారు 30 మిల్లీలీటర్ల సంచి యగును. అనగా రెండు పెద్ద చెంచాలు. గ్లాసెడు నీరు ఒక్కసారి త్రాగుట కిచట చోటు లేదు. కనుక దినమంతయు గడియారము చూచుకొని కొద్దికొద్దిగా త్రాగుచుండవలెను. లేనిచో ఒంటిలో నీరు తగ్గి మరల ఆసుపత్రిలో చేరవలసివచ్చును.

కుట్లు మానుటకు వ్యవధి కావలెను. అందుచే మొదటి ఒకటి రెండు దినములు తేట ద్రవములు, రెండు వారముల వరకు పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు వంటివి, తరువాత మెత్తగా మెదిపిన పదార్థములు, అటుపై మృదువైన ఆహారము ఇత్తురు. మామూలు భోజనమునకు వచ్చునప్పటికి సుమారు రెండు నెలలగును. జ్వరము, గుండె దడ, తగ్గని కడుపునొప్పి కనబడినచో కుట్ల వద్ద ద్రవము కారుచున్నదేమో యని అనుమానించి, గంటలలో వైద్యుని కలియవలెను.

తీపి విషయమునను ఒక పాత పాఠము కలదు. పుండ్లకు శస్త్రచికిత్స జరిగిన కొందరికి భోజనమైన కొద్దిసేపటికే చెమటలు, దడ, కళ్లు తిరుగుట కలుగుచుండెను. 1913లో ఇంగ్లాండులో హెర్ట్జ్ ఈ స్థితిని వర్ణించెను. 1922లో మిక్స్ అను అమెరికా వైద్యుడు దీనికి 'డంపింగ్' అను పేరు వాడెను. చక్కెరతో చిక్కనైన ఆహారము ఒక్కుమ్మడిగా ప్రేగులో పడినపుడు రక్తములోని నీరు ప్రేగులోనికి లాగబడును. బైపాస్ రోగికిని ఇదే జరుగును. పానకము, మిఠాయి, తీపి పానీయములు కూడదనుటకు ఇదియొక కారణము. అన్నముతోపాటు నీరు త్రాగరాదనుటకు కారణము, చిన్న సంచిలో ఆహారమునకు చోటు మిగులవలెననుటయే. తిన్న తరువాత అరగంట ఆగి త్రాగవలెను.

వేగముగా బరువు తగ్గునపుడు శరీరము క్రొవ్వునే గాక కండను కూడ ఖర్చు చేయును. కండ నిలువవలెనన్న దినమునకు 60 గ్రాములకు తక్కువ గాకుండ మాంసకృత్తులు కావలెను. మన యిండ్లలో పళ్లెము నిండుగ అన్నము పెట్టి, కూరలు ప్రక్కన వడ్డించుట ఆచారము. ఈ రోగికి వరుస మారవలెను. ముందు గ్రుడ్డు, చేప, పెరుగు, పప్పు, తరువాత కూరగాయ, చోటు మిగిలినచో అన్నము. ఒక్కొక్క ముద్దను బాగుగా నమలవలెను. కడుపు నిండినట్లు తోచినంతనే ఆపవలెను. 'ఇంకొక్క ముద్ద' అని బలవంతపెట్టు బంధువుల ప్రేమ ఇచట హానికరము.

వాంతులు, విటమినులు

1881లో జర్మనీ వైద్యుడు వెర్నికె మువ్వురు రోగులను వర్ణించెను. వారికి చూపు చెదరుట, నడక తూలుట, మతి తప్పుట కలిగినవి. ఒక యువతి గంధకామ్లము త్రాగుటచే జీర్ణకోశపు ద్వారము ముడుచుకొనిపోయి, ఆగని వాంతులతో బాధపడినది. కారణము ఆనాడు తెలియదు. అది విటమిను 'బి1' లోపమని తరువాత తెలిసినది. అదే లోపమువలన కలుగు బెరిబెరి వ్యాధి మన ఉత్తర సర్కారులలో ఒకప్పుడు ప్రబలముగా నుండెను. మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మద్రాసునందు దానిపై గ్రంథమునే ప్రకటించెను.

శరీరమున బి1 నిలువ రెండు మూడు వారములకు మించి చాలదు. కనుక శస్త్రచికిత్స జరిగినవారికి వాంతులు ఆగకున్నచో 'అదే తగ్గునులే' అని ఇంట కూర్చుండరాదు. బి1 ఇవ్వక గ్లూకోజు మాత్రమే ఎక్కించినచో మెదడునకు హాని హెచ్చవచ్చును. ఆ సంగతి ఎరుగని వైద్యునికి తన శస్త్రచికిత్స విషయము రోగియే చెప్పవలెను.

విటమిను 'బి12' కథ దీనికి తలక్రిందులు. అమెరికా వైద్యుడు కాసిల్ 1920వ దశకపు చివర చేసిన పరిశోధనలవలన, జీర్ణకోశము స్రవించు ఒక పదార్థము లేనిదే అది ఒంటబట్టదని తేలినది. జీర్ణకోశమును తప్పించినపుడు ఆ పదార్థము చాలదు. అయితే కాలేయమున బి12 నిలువ కొన్ని ఏండ్లకు సరిపడును. అందుచే మొదటి సంవత్సరము ఏమియు తెలియదు. 'నేను బాగుగనే యున్నాను గదా' అని మాత్రలు మానినవారికి కొన్నేండ్లకు రక్తహీనత, కాళ్ల తిమ్మిరి మొదలగును. ఇనుము, కాల్షియము ప్రేగు మొదటి భాగముననే ఎక్కువగా గ్రహింపబడును. బైపాసులో ఆ భాగము తప్పిపోవును గనుక వానిని కూడ మాత్రలుగా తీసికొనవలెను. ఒకటి రెండవదానికి అడ్డు తగులును గనుక రెంటికిని నడుమ రెండు గంటల వ్యవధి ఉండవలెను.

ఆ మాత్రలలో ఫోలిక్ ఆమ్లము కూడ ఉండును. దీనిని 1940వ దశకమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన కృషికి నాయకుడు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆహారము ఒంటబట్టనీయని 'స్ప్రూ' వ్యాధిచే సోదరులను కోల్పోయిన బాధ ఆయనకు కలదు.

నడక, తిరిగి వచ్చు బరువు

శస్త్రచికిత్స జరిగినవారు వారముల తరబడి మంచము దిగరాదని ఒకప్పుడు నమ్మకము. 1899లో చికాగో వైద్యుడు రీస్ దీనిని ప్రశ్నించెను. 1940 ప్రాంతమున డెట్రాయిట్ నగర వైద్యుడు లైథౌసర్ రోగులను త్వరగా లేపి నడిపించుటను ప్రచారము చేసెను. కదలక పడియున్నచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోవచ్చును. భారీకాయులకు ఈ భయము మరింత ఎక్కువ. అందుచే నేడు చికిత్స జరిగిన దినముననే నాలుగడుగులు వేయింతురు. బరువులు ఎత్తుట మాత్రము కొన్ని వారములు ఆగవలెను. స్త్రీలు సుమారు ఏడాది లేక ఏడాదిన్నర వరకు గర్భము ధరింపకుండుట మేలు.

ఇక బరువు సంగతి. స్వీడన్ దేశమున 1987లో మొదలైన ఒక పెద్ద పరిశీలన ఫలితములు 2007లో ప్రకటింపబడినవి. బైపాస్ చేయించుకొనినవారు ఒకటి రెండు సంవత్సరములలో తమ బరువులో సగటున నూటికి 32 వంతులు కోల్పోయిరి. పదియేండ్లకు ఆ తగ్గుదల 25 వంతుల వద్ద నిలిచెను. అనగా కొంత తిరిగి వచ్చినది. ఐనను శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు పొందనివారిలో కంటె స్పష్టముగా తక్కువ.

తిరిగి వచ్చిన ఆ కొద్ది బరువును చూచి రోగి సిగ్గుపడి వైద్యుని వద్దకు పోవుట మానుచున్నాడు. అచటనే అసలు ప్రమాదము. ఆకలి కేవలము మనోబలమునకు సంబంధించినది కాదు. 1999లో జపానుకు చెందిన కొజిమా, కంగావా మున్నగువారు జీర్ణకోశమునుండియే వెలువడి ఆకలిని రేపు 'గ్రెలిన్' అను హార్మోనును కనుగొనిరి. శరీరము తన పాత బరువును తిరిగి కోరుచుండును. దానితో వ్యవహరించుటకు ఏటేట పరీక్ష, తిన్నది వ్రాసికొనుట, ప్రతిదినపు నడక, వైద్యుని సలహా కావలెను. కత్తి చేయునది సగము పని. మిగిలిన సగము ఇంటిలో, వంటయింటిలో, వీధిలో ప్రతిదినము జరుగవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. స్థూలకాయుని 'తిండిపోతు' అని తరగతిలో నవ్వుట మనకు అలవాటు. జీర్ణక్రియ పాఠము చెప్పునపుడు ఈ చరిత్రను కూడ చెప్పిన యెడల, ఆ నవ్వు కొంత తగ్గును. రేపు ఆ తరగతిలోని బాలుని ఇంటనే ఎవరైన ఈ కాగితముతో ఆసుపత్రినుండి తిరిగి వచ్చినచో, అందలి నియమములను చదివి వినిపించి, వాని కారణములను వివరింపగలవాడు ఆ బాలుడే కావచ్చును.