పొంటియానక్, ఒరాంగ్ మిన్యక్: ఆలస్యమైన ముఖాముఖి

2012లో మలేసియా థియేటర్లలోకి ‘పొంటియానక్ వర్సెస్ ఒరాంగ్ మిన్యక్’ అనే హాస్య హారర్ సినిమా వచ్చింది. దర్శకుడు అఫ్‌ద్లిన్ షౌకి. పేరు వినగానే 2003 నాటి ‘ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్’ గుర్తొచ్చి, పులిని చూసి నక్క వాత పెట్టుకుందని తీసిపారేయడం తేలిక. కానీ ఈ రెండు పోరుల పుట్టుక ఒకటి కాదు. అమెరికాలో భూతాల కొట్లాటకు అడ్డుపడినవి హక్కుల పత్రాలు. మలయ్ సినిమాలో అడ్డుపడింది ఆ భూతాల స్వభావమేనని నా అభిప్రాయం.

హాలీవుడ్ సంగతి ముందు చూద్దాం. 1943లో ‘ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది ఉల్ఫ్ మ్యాన్’ సులువుగా తయారైందంటే, రెండు పాత్రలూ యూనివర్సల్ స్టూడియో చేతిలోనే ఉండటం వల్ల. ఫ్రెడ్డీ, జేసన్ అనే హంతక భూతాలకు ఆ వీలు లేకపోయింది. ఒకడు న్యూలైన్ స్టూడియో వాడు, ఇంకొకడు పారమౌంట్ వాడు. 1980ల చివర్లో బేరం కుదరక, జేసన్ ఏడో సినిమాలో అతీతశక్తులున్న ఒక అమ్మాయిని ఎదురు నిలిపారు. తర్వాత జేసన్ కూడా న్యూలైన్ గూటికే చేరాడు. 1993 నాటి సినిమా చివర్లో, నేల మీద పడున్న జేసన్ ముసుగును ఫ్రెడ్డీ కత్తుల చేయి మట్టిలోకి లాక్కుపోతుంది. ఆ ఒక్క షాటుతో ఆశపడిన ప్రేక్షకుడు ఇంకో పదేళ్లు ఆగాల్సొచ్చింది. చివరికి హాంకాంగ్ నుంచి వెళ్లిన రోనీ యూ ఆ పని పూర్తి చేశాడు.

మలయ్ భూతాలకు యజమాని ఎవరూ లేరు, అవి ఊరుమ్మడి సొత్తు. బాలింత చచ్చి దెయ్యమవుతుందనే నమ్మకం మన పల్లెలకూ తెలిసిందే, పొంటియానక్ ఆ కోవకు చెందిన ఆడదెయ్యం. మెడ వెనక మేకు దిగ్గొడితే అందమైన స్త్రీగా మారి కాపురం చేస్తుందని, మేకు పీకితే మళ్లీ పిశాచమేనని చెబుతారు. ఒరాంగ్ మిన్యక్, అంటే నూనె మనిషి, ఒళ్లంతా నల్లటి నూనె పూసుకుని, పట్టుకోబోతే జారిపోతూ, రాత్రిళ్లు ఆడవాళ్ల మీద పడేవాడు. 1957, 58ల్లో మలయ్ సినిమాకు రాజధాని సింగపూరే, కౌలాలంపూర్ వంతు ఇంకా రాలేదు. కేథే-కెరిస్ సంస్థకు, మద్రాసులో తమిళ చిత్రాలు తీసి వెళ్లిన బి.ఎన్. రావు 1957లో ‘పొంటియానక్’ తీశాడు. మరుసటి ఏడే పోటీ స్టూడియో షా సోదరులు ‘అనక్ పొంటియానక్’ దించారు. నూనె మనిషి మీద కూడా 1958లో ఇరుపక్షాలూ పోటీకి దిగాయి, కేథే వైపు ఎల్. కృష్ణన్, షా వైపు పి. రామ్లీ. అడిగేవాడు లేడు, జనం ఎగబడుతున్నారు. రెంటినీ ఒకే కథలోకి తెచ్చి టైటిల్ మీదే ఢీకొట్టించడానికి మాత్రం అర్ధశతాబ్దం దాటింది.

ఎందుకంటే ప్రేక్షకుడు ఎవరి పక్షమో పోరు మొదలవకముందే తేలిపోతుంది. ఫ్రెడ్డీ, జేసన్ ఇద్దరూ హంతకులే, ఎవరు గెలిచినా మన గుండెకు నొప్పి లేదు. రావు సినిమాలో మరియా మెనాడో పోషించిన చోమెల్ అలాంటిది కాదు. ఊరు ఛీకొట్టిన గూనిపిల్ల, మంత్రంతో అందగత్తె అవుతుంది, నెత్తురు ముట్టకూడదని షరతు. మొగుణ్ణి పాము కరిస్తే విషం పీల్చేస్తుంది, ఆ నెత్తుటి రుచితోనే పిశాచమవుతుంది. ప్రాణం నిలబెట్టబోయి రాక్షసి అయిందన్నమాట! 2004లో షుహైమి బాబా ‘పొంటియానక్ హరుమ్ సుందల్ మలమ్’తో ఈ దెయ్యాన్ని మళ్లీ తెరకెక్కించినప్పుడు కూడా, ఆమె హత్యకు గురైన నాట్యగత్తె. ఇటువంటి ఆమె ఎదుట, ఆడవాళ్లను చెరిచేవాణ్ణి నిలబెడితే అది పందెం కాదు, తీర్పు.

భయం అరిగిపోయాకే భూతాలను కొట్టుకోనిస్తారని, మలేసియా పోరు హాస్యంగా రావడమే దానికి సాక్ష్యమని ఒక వాదన ఉంది. 1948లో యూనివర్సల్ భూతాలు హాస్య జంట అబాట్, కాస్టెల్లోల పక్కన నిలబడ్డ మాట నిజమే. అయితే 2004 తర్వాత మలేసియాలో హారర్ తగ్గలేదు, వెల్లువెత్తింది. భయం నిండుగా ఉన్నచోట హాస్యం అరుగుదలకు గుర్తు కాదు. నమ్మకానికి దెబ్బ తగలకుండా రెండు దెయ్యాలను కలపడానికి దొరికిన దారి అది.

దీనికన్నా గట్టి అభ్యంతరం రామ్లీ నుంచే వస్తుంది. ఆయన ‘సుంపా ఒరాంగ్ మిన్యక్’ నాయకుడు కూడా గూనివాడే, ఊరంతా ఎగతాళి చేసే బాటిక్ పనివాడు. అతనికీ మాయతో అందం వస్తుంది, షరతు తప్పి నూనె మనిషిగా దిగజారతాడు. నూనె మనిషీ బాధితుడే కదా అంటే, కాదనలేను. కానీ చోమెల్ తప్పింది ఇంకొకరి ప్రాణం కోసం, ఇతను తప్పింది తన గొప్ప కోసం. ఏడాది తేడాతో రెండు ప్రత్యర్థి స్టూడియోలు ఒకే బీజం నుంచి ఇంత వేరైన రెండు భూతాలను పుట్టించాయి. ఆ ఇద్దరు గూనివాళ్లనూ గంభీరంగా ఎదురెదురు నిలబెడితే, వాళ్లను వెలివేసిన ఊరే బోనెక్కాలి. తీయదగ్గ సినిమా అది, తీయడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు కూడా.