పని బృందంలో నమ్మకం

తోటివారు తమ వంతు పని సరిగా చేశారని భావించి తన పని కొనసాగించడాన్ని '''పని బృందంలో నమ్మకం''' అంటారు. కోనసీమ జిల్లా, అల్లవరం మండలం, ఓడలరేవులో ఓఎన్‌జీసీ గ్యాస్ టెర్మినల్ ఉన్నది. సముద్రంలోని బావుల నుండి గొట్టాల ద్వారా వచ్చే వాయువును ఇక్కడ శుద్ధి చేస్తారు. ఇటువంటి కర్మాగారాలలో నమ్మకానికి ఆధారం నోటిమాట కాదు, మరమ్మతుకు ముందు వ్రాసే పర్మిట్టు. షిఫ్టు మారేటప్పుడు దానిని తరువాతి బృందానికి వివరించి అప్పగించాలి.

ఇది తప్పినందువలన జరిగిన ఘోరానికి ఉదాహరణ ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫారం. 1988 జూలై 6న అక్కడ ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతుకై తీసివేసిన సంగతి రాత్రి షిఫ్టువారికి తెలియలేదు. వారు ఆ పంపును నడిపారు. పేలుడు, మంటలలో 167 మంది మరణించారు. షిఫ్టు అప్పగింతలోని లోపాన్ని 1990 నాటి కల్లెన్ నివేదిక ఎత్తిచూపింది.

చూడకుండా పెట్టిన సంతకం ఒక్కటి బయటపడితే, ఆ వ్యక్తి అంతకుముందు పెట్టిన సంతకాలన్నిటినీ బృందం మరల తనిఖీ చేసుకోవలసి వస్తుంది.