పల్లెల్లో మొదలైన చదువు, మిల్లర్స్ రోడ్డులో పెట్టిన పేరు

1981 ఏప్రిల్‌లో బెంగళూరు మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో కేరీ సొసైటీ సభ జరిగింది. మహారాష్ట్రకు చెందిన అరవింద్ పి. నిర్మల్ అందులో ‘శూద్ర దైవశాస్త్రం వైపు’ అనే అంశం మీద మాట్లాడారు. దళిత దైవశాస్త్రం చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఈ సభతోనే మొదలుపెడతారు. ఆ ప్రసంగానికి ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ బైబిలును అంటరానివాడి వైపు నుంచి చదవడం ఆ రోజే మొదలైందంటే మాత్రం తెలుగువాళ్లం ఒప్పుకోనక్కర్లేదు. అంతకు వందేళ్లకు ముందే ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో ఆ చదువు సాగింది. అక్షరం రానివాళ్ల మధ్య, విన్న వాక్యాన్ని నోటితో నిలుపుకున్నవాళ్ల మధ్య సాగింది.

ఆ కథలో మొదటి మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే ఆయనకు యోగసాధన తెలుసు, గురువుల బోధ తెలుసు. కులాన్ని లెక్కచేయని భక్తి మార్గాలు ఆ ప్రాంతపు పల్లెల్లో వీరబ్రహ్మం కాలం నుంచీ ఉన్నాయి. కాబట్టి పేరయ్య ఖాళీ చేతులతో బైబిలు దగ్గరికి రాలేదు. దేవుడి గురించి తను అప్పటికే వేసుకున్న ప్రశ్నలతో వచ్చాడు. ఈ సంగతులన్నీ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల గురించి అచ్చువేసిన పుస్తకంలో ఉన్నాయి. అమెరికాలో ‘సోషల్ గాస్పెల్’ ఉద్యమానికి పెద్ద గొంతు అయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఈమె స్వయానా అక్క. చెప్పులు కుట్టే మనుషుల జీవితాలను వాళ్లు చెబుతుండగా విని రాసిన ఆ పుస్తకం ఆంధ్రదేశ చరిత్రలో ఎప్పటికీ పనికొచ్చేది.

ఎమ్మా భర్త జాన్ ఇ. క్లఫ్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఒంగోలులో ఆయన తొలి రోజుల్లో జరిగిన ఒక సంఘటనను ఆగి చూడాలి. అప్పుడు ఆయనతో ఉన్నది మొదటి భార్య హారియెట్. ఊళ్లో బ్రాహ్మణులు, ఇతర పైకులాలవాళ్లు క్లఫ్ మీద ఆసక్తి చూపారు, పిల్లలను బడికి పంపారు. ఇంతలో మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేము రాము అని పెద్దలు తేల్చి చెప్పారు. క్లఫ్‌కు దిక్కు తోచలేదు. ఒక గదిలో తను, ఇంకో గదిలో భార్య, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారు. ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే తగిలింది. లోకం జ్ఞానులనుకునేవాళ్లను, ఘనులనుకునేవాళ్లను కాకుండా నీచులుగా ఎంచినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. దాంతో వాళ్ల నిర్ణయం జరిగిపోయింది. దీన్ని దైవికం అనేవాళ్లు అంటారు. నాకు ఇందులో కనబడే విశేషం వేరు. ఆ వచనాలు క్లఫ్ అంతకుముందు చదవనివి కావు. మాదిగలు గుమ్మం ముందు నిలబడ్డాకే అవి ఆయనకు కొత్తగా అర్థమయ్యాయి. అర్థం చెప్పింది పాదిరి దొర నోరే అయినా, ఆ అర్థాన్ని పుట్టించింది మాత్రం గుమ్మం ముందు నిలబడ్డవాళ్లు.

1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది. వీళ్లను ఎవరో తోలుకొచ్చిన మందగా చూపే రాతలు నేటికీ వస్తుంటాయి. కుటుంబాలు, పల్లెలు కలిసి మాట్లాడుకుని, ఊరిపెద్దల కోపాన్ని ముందే లెక్కవేసుకుని తీసుకున్న నిర్ణయం అది. కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో బాప్తిస్మం పొందిన పగోలు వెంకయ్య చుట్టూ మాలల్లోనూ ఇలాంటి కదలికే వచ్చింది.

మిషన్లు బడులిచ్చాయి, ఆసుపత్రులిచ్చాయి, బైబిలు స్త్రీలను ఇంటింటికీ పంపాయి. కానీ కులాన్ని గడప బయట ఆపలేకపోయాయి. చాలాచోట్ల సంఘం అంటే ఒకే కులం అయింది. ఒక ఊళ్లో మాలల చర్చి, మాదిగల చర్చి వేరువేరుగా నిలిచాయి. ఆ అవమానం సాహిత్యంలో గుర్రం జాషువా గొంతుతో పలికింది. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన దళితుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో పంపుతాడు, ఎందుకంటే తనకు లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. అదే జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు పొందారు. ఈ రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివితే దళిత క్రైస్తవుడి మనసు ఏమిటో తెలుస్తుంది. పండితులు వాటిని వేరువేరు అరల్లో పెట్టేశారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లను షెడ్యూల్డ్ కులాల జాబితాకు దూరం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకు తెరుచుకోలేదు. చర్చిలో కులం పోలేదు, సర్కారు కాగితంలో మాత్రం పోయింది. 1982లో హైదరాబాదు నుంచి కె. విల్సన్ రాసిన పుస్తకం దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయివాళ్లైనవాళ్లుగా చూపింది.

ఇక బెంగళూరు. 1957లో పి.డి. దేవానందన్ ఇక్కడ మత సామాజిక అధ్యయనాల క్రైస్తవ సంస్థను, అంటే సి.ఐ.ఎస్.ఆర్.ఎస్.ను నిలిపారు. ఆయన వెంట ఎం.ఎం. థామస్ ఉన్నారు. కొత్త దేశంలో క్రైస్తవుల బాధ్యత ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. 1967లో అమలోర్పవదాస్ నాయకత్వంలో వచ్చిన కథోలిక కేంద్రం ఆరాధనకు భారతీయ రూపం ఇవ్వాలని చూసింది. ఆ భారతీయత ఎక్కువగా సంస్కృతం, ఉపనిషత్తులు, గుడి గోపురం రూపంలోనే వచ్చింది. సదుద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కానీ ఏ గుడి తమను బయట నిలబెట్టిందో ఆ గుడి అలంకారాలనే చర్చిలోకి తెస్తుంటే మాదిగపల్లె విశ్వాసికి అందులో తన చోటు ఎక్కడ దొరుకుతుంది?

నిర్మల్ లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇదే. అంతకుముందు వచ్చిన భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం చాలావరకు బ్రాహ్మణ తత్త్వంతో మాట్లాడిందనీ, సంఘంలో ఎక్కువమందైన దళితులతో మాట్లాడలేదనీ ఆయన వాదించారు. అమెరికాలో జేమ్స్ కోన్ నల్లజాతి దైవశాస్త్రం, లాటిన్ అమెరికాలో గుస్తావో గుతియెర్రెజ్ విమోచన దైవశాస్త్రం అప్పటికే వచ్చాయి. మహారాష్ట్రలో 1972లో దళిత పాంథర్లు లేచారు. ఈ గాలులన్నీ నిర్మల్‌కు తగిలాయి. కానీ ఆయన చదివిన పద్ధతి అరువుది కాదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ఒక రైతు తొలి పంట బుట్టతో వచ్చి, దిక్కులేక తిరిగిన తన పూర్వికుణ్ణి, దాస్యాన్ని, విడుదలను దేవుడి ఎదుట చెప్పుకుంటాడు. దళితుడు కూడా తన విశ్వాసాన్ని తన తాతల చరిత్రతోనే మొదలుపెట్టాలన్నారు నిర్మల్. యేసు వంశావళిలోని తామారు, రాహాబులను చూపించారు. అన్యజనుల ఆవరణలో వ్యాపారుల బల్లలు తోసేసిన యేసులో, లోపలికి రానివ్వని జనం ఆరాధన హక్కు కోసం నిలబడినవాణ్ణి చూశారు. దేవుడు యజమాని కాదు సేవకుడు, ఇళ్లూ వాకిళ్లూ ఊడ్చేవాళ్ల పని ఆయన పని అన్నారు. ఈ మాట విన్నాక యెషయా 53వ అధ్యాయాన్ని పాత పద్ధతిలో చదవడం కష్టం.

నిర్మల్ ప్రసంగం తర్వాత నాలుగేళ్లకు, 1985 జూలై 17న, కారంచేడు ఊచకోత జరిగింది. ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాల చేరారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలు హతమయ్యారు. ఆ తర్వాత బైబిలులో హతసాక్షి అనే మాటకు తెలుగు పల్లెలో అర్థం మారకుండా ఎలా ఉంటుంది? సి.ఐ.ఎస్.ఆర్.ఎస్.లో పనిచేసిన తెలుగువాడు ఎం.ఇ. ప్రభాకర్ సంపాదకత్వంలో 1988లో ‘టువర్డ్స్ ఎ దళిత్ థియాలజీ’ వచ్చింది. నిర్మల్ మద్రాసు గురుకుల్ లూథరన్ కాలేజీలో దళిత దైవశాస్త్ర విభాగాన్ని నడిపారు, 1995లో కన్నుమూశారు. అక్కడే వి. దేవసహాయం హెబ్రీ పత్రికలో శిబిరం వెలుపల బాధపడిన క్రీస్తును తీసుకుని 1992లో బైబిలు పాఠాలు అచ్చువేశారు. ఊరికి వెలుపలి వాడలో ఉన్నవాడికి ఆ వెలుపల ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బెంగళూరులో పాఠాలు చెప్పిన సత్యనాథన్ క్లార్క్ 1998లో పరయ్యల డప్పు మోతలోనే క్రీస్తును వెతికారు.

ఈ చదువు తన లోపాలనూ తానే పట్టుకుంది. తొలి తరం రాతల్లో ఆడవాళ్లు దాదాపు కనబడరు. తెలుగు పండితురాలు సురేఖ నెలవల మార్కు 7వ అధ్యాయంలోని సురోఫెనికయ స్త్రీని దళిత స్త్రీ కళ్లతో చదివారు. ఆ కథలో యేసు మాట వినడానికి కష్టంగా ఉంటుంది. పిల్లల రొట్టె కుక్కలకు వేయకూడదంటాడు. ఆ తల్లి తిట్టును మింగదు, ఎదురు తిరగదు, ఆ మాటనే పట్టుకుని బల్ల కింద ముక్కల్లో తన వాటా అడుగుతుంది. దొరల వాకిట్లో మిగిలిన అన్నం కోసం నిలబడ్డ ముత్తవ్వలున్న ఇళ్లలో ఈ కథ వినయానికి పాఠంగా వినబడదు. గెలిచిన వాదంగా వినబడుతుంది. చర్చిల్లో ఈ భాగం మీద నడిచే వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం ఆమె తెలివిని దాటవేసి విశ్వాసాన్ని మాత్రమే మెచ్చుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2010లో వచ్చిన రెండు పుస్తకాలతో చర్చ ఇంకో మలుపు తిరిగింది. ఇంత దైవశాస్త్రం ఉన్నా సంఘాల నడవడి ఎందుకు మారలేదని పెనియేల్ రాజ్‌కుమార్ అడిగారు. జవాబు కోసం నిర్గమకాండం కన్నా సువార్తల్లోని స్వస్థత కథల వైపు చూశారు. విమోచన కథగా చెప్పే నిర్గమానికి చివర కనాను జనం భూమి పోగొట్టుకోవడం కూడా ఉంది, ఆదివాసీ చదివితే ఆ పుట ఆగి చూడాల్సిందే. రెండోది క్లార్క్, మంచాల దీనబంధు, ఫిలిప్ వినోద్ పీకాక్ కూర్చిన సంకలనం. అందులో జోసెఫ్ ప్రభాకర్ దాయం కోస్తా మాలలు కొలిచే గొంతెమ్మను ఎత్తుకుని, దేవుడిలోని స్త్రీరూపం గురించి రాశారు. మిషనరీలు వదిలేయమన్న తల్లి యూనివర్సిటీ అచ్చులోకి రావడం మామూలు సంగతి కాదు.

ఇంకా తేలని తగవు ఒకటుంది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, దళితులు అనే ఒక్క మాట కింద మాల మాదిగల తేడాలు కప్పిపెట్టవద్దంది. క్లఫ్ తిరిగిన జిల్లాలోనే ఆ కేక పుట్టింది. ఇరువర్గాలూ క్రైస్తవులున్న చోట ఏ వాక్యం ఎవరి వైపు నిలుస్తుందో బెంగళూరు పుస్తకాలు ఇంకా పూర్తిగా చెప్పలేదు.

ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నాయి. ఆదివారం కూటం నడిచేది తెలుగులో. ఎం.ఇ. ప్రభాకర్ 1994లో సి.ఐ.ఎస్.ఆర్.ఎస్. పత్రికలో జాషువా కవిత్వాన్ని పట్టుకుని దళిత క్రైస్తవ ప్రశ్న మీద ఒక వ్యాసం రాశారు. తెలుగు కవి మీద తెలుగువాడు బెంగళూరులో ఇంగ్లీషులో రాసినది. ఒంగోలు, వినుకొండ సంఘాల్లో సువార్తతో పాటు మొదట చదవాల్సింది దాన్నే, తెలుగులో.