రెండు రౌటర్లు, ఒకే చిరునామా: ఒక సిగ్నల్స్ మనిషి జ్ఞాపకం

సంచిక కోసం ఏదైనా రాయమన్నారు. యుద్ధాల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సిగ్నల్స్ వాణ్ణి, నాకు తెలిసిన వైర్ల సంగతే రాస్తాను.

2001 వానాకాలం. ఉత్తరాదిన ఒక స్టేషన్. మా నెట్‌వర్క్‌లో రౌటర్లు రెండు. ఒకటి పోయినా రెండోది ఉందిలే అని ధీమా. ఒక రాత్రి పిడుగుపాటుకి మొదటిది పోయింది. డ్యూటీలో ఉన్న నేను దాని ఐపీ చిరునామాని రెండోదానికి ఇచ్చేశాను. లైట్లన్నీ వెలిగాయి గానీ సందేశం ఒక్కటీ కదల్లేదు. తెల్లవారాక గాని కారణం దొరకలేదు. భద్రత కోసమని సర్వరులో ఆ ఐపీకి ఎదురుగా పాత రౌటరు మ్యాక్ చిరునామాని మేమే చేత్తో రాసి బిగించాం. సర్వరు రాత్రంతా పోయిన రౌటరునే పిలుస్తూ కూర్చుంది.

ఆగిపోయిన సందేశాల్లో మన శ్రీకాకుళం కుర్రాడిది ఒకటి. నాన్నగారికి సీరియస్, వెంటనే రావాలని. పొద్దున బండి తప్పిపోయింది. అతను ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది. తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచే ఈ విషయం పట్టుకుని చదివాను.

ఈథర్నెట్ 1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పుట్టింది. అందులో ప్రతి కార్డుకీ 48 బిట్ల మ్యాక్ చిరునామా. ఐపీ చిరునామాకి 32 బిట్లు. ఈ రెంటికీ ముడివేసే పద్ధతి ఏఆర్‌పీ. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 826గా రాశారు. "ఈ ఐపీ ఎవరిది?" అని అందరికీ వినపడేలా అడగడం, వచ్చిన జవాబును గుర్తుపెట్టుకోవడం, అంతే. చిక్కంతా ఆ గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది. మనిషి మారినా పాత గుర్తు పోదు.

దీనికి విరుగుడుగా సిస్కో వారు హెచ్‌ఎస్‌ఆర్‌పీ తెచ్చారు. దాని వివరం 1998 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2281గా వచ్చింది. మరుసటి నెలలోనే అన్ని కంపెనీలూ వాడుకోదగ్గ వీఆర్‌ఆర్‌పీ, ఆర్‌ఎఫ్‌సీ 2338గా వెలువడింది. 2004లో, 2010లో, 2024లో దాన్ని సవరించారు.

సూత్రం మనకి కొత్తేమీ కాదు. రేడియో సెట్ దగ్గర ఆపరేటరు మారతాడు, కాల్‌సైన్ మారదు. అలాగే రెండు రౌటర్లకీ కలిపి ఒక ఐపీ, ఒక ఊహా మ్యాక్ ఉంటాయి. మాస్టర్ రౌటరు మామూలుగా సెకనుకోసారి "ఉన్నాను" అని చెబుతూ ఉంటుంది. మూడు సెకన్లు దాటి కాస్తంత సేపు ఆ మాట వినపడకపోతే రెండోది బాధ్యత తీసుకుని, ఎవరూ అడక్కుండానే ఏఆర్‌పీ ప్రకటన పంపుతుంది. దాన్ని చూసి స్విచ్ ఆ మ్యాక్ ఇప్పుడు ఏ పోర్టు వైపు ఉందో నేర్చుకుంటుంది. సర్వరులో రాసుకున్న ముడి మాత్రం మారనక్కర్లేదు.

ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఒక్క మనవి. ముడి చేత్తో రాయక తప్పకపోతే ఆ ఊహా మ్యాకే రాయండి, రౌటరు సొంత మ్యాక్ రాయొద్దు. రాశాక ఒకసారి మాస్టర్ రౌటరు కరెంటు తీసి చూడండి. పిడుగు పడేదాకా ఆగొద్దు. ఆ రాత్రి నేను చేయని పని అదే.