మశూచి టీకా దానం: మానుకోట సీమ నుంచి ఒక చూపు

మహబూబాబాద్ జిల్లాగా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు మానుకోట అన్న పాత పేరుతోనే జనం పిలుచుకునే ఈ సీమ వరంగల్ జిల్లాలో భాగంగా ఉండేది. మశూచి వ్యాధి అర్ధశతాబ్దం కిందటే కనుమరుగైనా, దాని భయం మిగిల్చిన ఆనవాళ్లు ఇక్కడి ఆచారాల్లో నేటికీ చెక్కుచెదరలేదు. లంబాడీ తండాల్లో ఏటా ఆషాఢంలో ఒక మంగళవారం నాడు జరిగే సీత్లా పండుగలో, ఏడుగురు దేవతలకు గుర్తుగా రాళ్లు నిలిపి, గుగ్గిళ్లు నైవేద్యం పెట్టి, పిల్లాజెల్లా గొడ్డూగోదా చల్లగా ఉండాలని మొక్కుతారు. ఊళ్లలో పోచమ్మకు బోనమెత్తడమూ, అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి పరాయివారిని లోపలికి రానీయకపోవడమూ ఆ భయం నుంచి పుట్టినవే. రోగి ఉన్న ఇంటిని వేరుగా ఉంచడం వైద్యశాస్త్రం కూడా సమర్థించే జాగ్రత్త కనుక, ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

మశూచికి టీకా 1796 నుంచీ ఉన్నా, ఉష్ణదేశాల పల్లెల్లో అది సరిగా పనిచేయకపోవడానికి ప్రధాన కారణం ఎండ. దూడల, గొర్రెల చర్మం మీద పెంచిన వైరస్‌ను ద్రవరూపంలో సీసాలకెత్తి పంపేవారు; మంచుపెట్టె లేని చోట అది కొద్దిరోజుల్లోనే శక్తి కోల్పోయేది, అయినా చూపుకు మాత్రం మునుపటిలాగే కనిపించేది. 1950ల తొలినాళ్లలో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కోలియర్, టీకాను గడ్డకట్టించి అందులోని తేమను శూన్యంలో లాగేసే పద్ధతిని, అంటే శీతల శుష్కీకరణను, భారీ ఉత్పత్తికి పనికివచ్చేలా తీర్చిదిద్దాడు. అలా తయారైన పొడి 37 డిగ్రీల వేడిలో నెల రోజులున్నా చెడదు. ఎండాకాలంలో రైలు దిగి బండిబాటన ఊళ్లకు పోవలసిన టీకాకు కావలసిన గుణం సరిగ్గా ఇదే.

1958లో అమెరికాలోని మినియాపోలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభలో సోవియట్ ప్రతినిధి విక్టర్ ఝ్దానోవ్ మశూచిని భూమి మీద లేకుండా చేయాలని ప్రతిపాదించగా, సోవియట్ ప్రభుత్వం 2.5 కోట్ల డోసుల పొడి టీకాను ఉచితంగా ఇవ్వడానికి ముందుకు వచ్చింది. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ దేశం వివిధ దేశాలకు ఇచ్చిన టీకా 140 కోట్ల డోసులు దాటగా, అందులో పెద్ద భాగం భారతదేశానికే చేరింది.  భారత్‌లో మలేరియా నిర్మూలనకు అమెరికా తోడ్పడుతుండగా మశూచి నిర్మూలనకు సోవియట్ యూనియన్ చేయూతనివ్వడంలో ప్రచ్ఛన్న యుద్ధపు పోటీ ఉందన్నది నిజమే. అయితే ఉద్దేశం ఏదైనా, వచ్చిన టీకా నాణ్యమైనది. ఈ మాట ప్రత్యేకించి చెప్పడానికి కారణముంది: 1967 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశాల టీకాలను పరీక్షింపజేసినప్పుడు వాటిలో చాలా భాగం ప్రమాణాలకు తూగలేదు.

భారత ప్రభుత్వం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానమొక్కటే చాలదన్న సంగతి ఈ దశలోనే తేటతెల్లమైంది. వ్యాక్సినేటర్ అనే చిరుద్యోగి ఆంపూల్ మెడ విరిచి, పొడిలో గ్లిజరిన్ ద్రావకం కలిపి, చుక్కను భుజం మీద పెట్టి, సన్నని కాడ చివర ముళ్లున్న చిన్న బిళ్ళను దానిపై ఒత్తి గుండ్రంగా తిప్పేవాడు. పుండు పడి, మాని, జీవితాంతం మచ్చగా మిగిలే ఈ పద్ధతికి తల్లులు జంకడం సహజం. 1960ల చివర వచ్చిన రెండు మొనల సూది పదిహేను తేలికపాటి పొడుపులతో పని ముగించి, టీకా ఖర్చును నాలుగో వంతుకు తగ్గించింది. వేసిన టీకాల లెక్క జనాభాకు దరిదాపుల్లో ఉన్నా వ్యాధి తగ్గకపోవడానికి మూలం మాత్రం వేరొకటి: అందుబాటులో ఉన్న బడిపిల్లలకే మళ్లీమళ్లీ టీకా పడుతుండగా, చంటిపిల్లలూ, కూలికి వలసపోయేవారూ, దూరపు ఆవాసాలవారూ మిగిలిపోతుండేవారు. గూడూరు, కొత్తగూడ, గంగారం వంటి అడవి పల్లెలూ, విడివిడిగా ఉండే తండాలూ ఉన్న మానుకోట సీమలో ఏ ఆరోగ్య కార్యక్రమానికైనా ఎదురయ్యే చిక్కు ఇదే.

అదే దశాబ్దంలో, యూనిసెఫ్ ఇచ్చిన యంత్రాల సాయంతో, పొడి టీకా దేశంలోనే తయారవడం మొదలైంది. గిండీ, పట్వాడంగర్, బెల్గాం కేంద్రాలతో పాటు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు ఆ బాధ్యత అప్పగించారు. దానం వెంట తయారీ విద్య కూడా రావడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు. 1974లో బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ ప్రధాన కేంద్రాలుగా దేశంలో 1,88,000 పైచిలుకు కేసులు నమోదైనా, స్వీడన్ ఇచ్చిన నిధులతో ఇల్లిల్లూ గాలించి, రోగి చుట్టూ ఉన్నవారందరికీ టీకాలు వేసిన ఫలితంగా 1975 మే తరువాత భారత్‌లో మశూచి కనిపించలేదు.

దేశీయ టీకా తయారీలో తరువాతి కథ దానం అందని చోట మొదలవుతుంది. హెపటైటిస్-బి టీకా సాంకేతికత కోసం ప్రయత్నించి విదేశాల్లో తిరస్కారం ఎదుర్కొన్న కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించగా, ఒమన్ నుంచి వచ్చిన పెట్టుబడితో ఆ సంస్థ 1997లో పికియా అనే ఈస్టులో ప్రొటీన్‌ను పెంచి దేశీయ టీకాను చవకగా తెచ్చింది.

కోవిడ్ కాలంలో దానం మళ్లీ ప్రపంచ రాజకీయాల నడిమధ్యకు వచ్చింది. పేద దేశాలకు 50 కోట్ల ఫైజర్ డోసులు ఇస్తామని 2021 జూన్‌లో అమెరికా ప్రకటించింది. సెప్టెంబరులో దానిని రెట్టింపు చేసింది. కానీ సంపన్న దేశాల నుంచి గడువు తీరబోయే సమయంలో వచ్చిన డోసులను ఏం చేసుకోవాలో తెలియక, నైజీరియా 2021 డిసెంబరులో పది లక్షలకు పైగా ఆస్ట్రాజెనెకా డోసులను ధ్వంసం చేసింది. అదే నెలలో పేద దేశాలు తిరస్కరించిన డోసులు పది కోట్లు దాటాయని యూనిసెఫ్ వెల్లడించింది. ఎండకు తట్టుకునే పొడిని ఏళ్ల తరబడి పంపిన నాటి దానంతో పోలిస్తే ఇది చాలా తక్కువ స్థాయి ఔదార్యం.

అమెరికా నుంచే మరో రకం దానం కూడా వచ్చింది. టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొట్టాజీల బృందం రూపొందించిన టీకాను పేటెంటు లేకుండా ఇవ్వగా, హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ సంస్థ దానిని కార్బెవాక్స్ పేరుతో తయారుచేసింది. ఇందులోనూ ప్రొటీన్‌ను పెంచేది పికియా ఈస్టులోనే కనుక, ఈ నగరానికి ఆ విద్య అప్పటికే పాతికేళ్లుగా పరిచయం. మామూలు ఫ్రిజ్‌లోనే నిలవ ఉండే ఆ టీకాను 2022 మార్చి 16 నుంచి దేశమంతటా 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేశారు. మానుకోట పిల్లలకు అందినదీ అదే. మూడు నెలల తరువాత, జూన్‌లో, జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ కోవిడ్ టీకాల పేటెంట్లకు పరిమిత మినహాయింపు ఇచ్చింది గాని, భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో కోరిన విస్తృత సడలింపు దక్కలేదు. తయారీ రహస్యాలను పంచుకోవాలన్న నిబంధన కూడా ఆ ఒప్పందంలో చేరలేదు.