సర్వర్‌లో సెట్టింగ్స్ డేటాబేస్ కరప్ట్ అయిందా..? కంగారులో ఈ తప్పులు చేస్తే ఉన్నదీ పోతుంది!

హోస్టింగ్ ప్యానెల్ ఓపెన్ చేస్తే లాగిన్ పేజీ బదులు డేటాబేస్ ఎర్రర్ వస్తోంది. కాసేపటికే కస్టమర్ల నుంచి ఫోన్లు మొదలు. చిన్న హోస్టింగ్ సర్వర్ నడిపేవాళ్లకి ఇంతకంటే పెద్ద టెన్షన్ ఉండదు. ఎందుకంటే స్కూల్ వెబ్‌సైట్లు, షాపుల ఆర్డర్ పేజీలు, ఆఫీస్ మెయిల్స్.. అన్నీ ఆ ఒక్క మెషీన్ మీదే ఉంటాయి. డేటా దక్కడం, పోవడం చాలావరకు మొదట చేసే పనుల మీదే ఆధారపడి ఉంటుంది. లైనక్స్ సర్వర్లలో వాడే ప్లెస్క్ ప్యానెల్‌ని ఉదాహరణగా తీసుకుని ఏం చేయాలి, ఏం చేయకూడదో చూద్దాం.

అసలు ఇందులో ఏముంటుంది?

ప్లెస్క్ తన సెట్టింగ్స్ అన్నీ 'పీఎస్ఏ' అనే డేటాబేస్‌లో దాచుకుంటుంది. ప్లెస్క్ సర్వర్ అడ్మినిస్ట్రేటర్ అనే పాత పేరుకి ఇది షార్ట్‌కట్. ఏ కస్టమర్‌కి ఏ డొమైన్ ఉంది, మెయిల్ ఐడీలు ఏంటి, డీఎన్ఎస్ రికార్డులు ఏంటి.. అన్నీ ఇందులోనే. దీన్ని నడిపేది మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పీఎస్ఏ ఒక్కటే దెబ్బతింటే ప్యానెల్ ఆగిపోయినా సైట్లు మామూలుగానే నడవొచ్చు. వాటి సెట్టింగ్స్ ఫైళ్లు అప్పటికే తయారై ఉంటాయి కాబట్టి. కానీ డేటాబేస్ సర్వీస్ మొత్తం ఆగిపోతే దాని మీద నడిచే వర్డ్‌ప్రెస్ సైట్లు కూడా డౌన్ అవుతాయి. సమస్య ప్యానెల్‌దా, మొత్తం సర్వీస్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎందుకు కరప్ట్ అవుతుంది?

డిస్క్ పాడైపోవడం, సర్వర్‌ని సడెన్‌గా పవర్ ఆఫ్ చేయడం, సర్వీస్ నడుస్తుండగానే దాని ఫైళ్లను కాపీ చేయడం లేదా డిలీట్ చేయడం.. ఎక్కువగా కారణాలు ఇవే. ఇన్నోడీబీ అనే స్టోరేజ్ ఇంజిన్ డేటాను 16 కేబీ పేజీలుగా దాస్తుంది. ప్రతి పేజీకి చెక్‌సమ్ అనే లెక్క ఉంటుంది. చదివేటప్పుడు ఆ లెక్క తప్పితే తప్పుడు డేటా ఇవ్వడం కంటే ఆగిపోవడమే మేలని సర్వీస్ తనంతట తానే ఆగిపోతుంది. అందుకే స్టార్ట్ చేసిన కాసేపటికే మళ్లీ పడిపోతుంటుంది.

ముందు చేయాల్సినవి ఇవే..

1. డిస్క్ నిండిందేమో చూడండి: చాలాసార్లు అసలు కరప్షనే ఉండదు. డిస్క్ ఫుల్ అయితే డేటాబేస్ పనిచేయదు. పాత లాగ్స్, బ్యాకప్‌లు పక్కకు జరిపితే సరిపోతుంది. స్పేస్ ఉన్నా ఐనోడ్స్ అయిపోతే ఇదే పరిస్థితి. అది కూడా చెక్ చేయాలి.

2. ఎర్రర్ లాగ్ చదవండి: పేజీ కరప్ట్ అయిందా, పర్మిషన్ సమస్యా, మెమొరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే సర్వీస్‌ని చంపేసిందా అన్నది లాగ్‌లో తెలుస్తుంది. ఒక్కో దానికి మందు వేరు.

3. కాపీ తీసుకోండి: రిపేర్‌కి ముందు సర్వీస్ ఆపేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌కి కాపీ చేయాలి. పాడైన కాపీ అయినా సరే. రిపేర్ వికటిస్తే వెనక్కి రావడానికి ఉన్న దారి అదొక్కటే.

సర్వీస్ నడుస్తుంటే..

'ప్లెస్క్ రిపేర్ డీబీ' కమాండ్ వాడొచ్చు. ముందు 'మైనస్ ఎన్' ఆప్షన్‌తో రన్ చేస్తే ఏమీ మార్చకుండా తప్పులు మాత్రమే చూపిస్తుంది. అవి చూశాకే రిపేర్‌కి వెళ్లాలి. ఇంకో విషయం.. 'రిపేర్ టేబుల్' కమాండ్ మైఐసామ్ లాంటి టేబుల్స్‌కే పనిచేస్తుంది, ఇన్నోడీబీకి కాదు.

సర్వీస్ స్టార్టే కాకపోతే..

'ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ' అనే సెట్టింగ్ ఉంది. విలువ 1 నుంచి 6 వరకు. ముందు 1తో ప్రయత్నించి, స్టార్ట్ కాకపోతేనే ఒక్కో అంకె పెంచాలి. 4 లేదా అంతకంటే పైకి వెళ్తే డేటా ఫైళ్లు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. నేరుగా 6 పెట్టడం అంటే ఉన్నదీ పోగొట్టుకోవడమే.

ఇది రిపేర్ కాదు, డేటాను బయటకు తీసుకునే దారి మాత్రమే. సర్వీస్ స్టార్ట్ అవ్వగానే అన్ని డేటాబేస్‌ల డంప్ తీసుకుని, ఈ సెట్టింగ్ తీసేశాకే కొత్తగా సిద్ధం చేసిన డేటా ఫోల్డర్‌లోకి ఎక్కించాలి.

రోజువారీ డంప్ మర్చిపోవద్దు!

ప్లెస్క్ తన సొంత డేటాబేస్‌లకు రోజూ ఒక డంప్ తీస్తుంది. పీఎస్ఏ ఫోల్డర్‌లోని 'డంప్స్'లో ఇవి ఉంటాయి. పీఎస్ఏ ఒక్కటే పాడైతే ఇదే ఆదుకుంటుంది. అయితే డంప్ తర్వాత కలిపిన డొమైన్లు, మెయిల్ ఐడీలు అందులో ఉండవు. వాటిని మళ్లీ కలుపుకోవాలి. కస్టమర్ల సైట్ల డేటాకి మాత్రం వేరే బ్యాకప్ ఉండాల్సిందే. కొత్త సర్వర్‌కి మారుస్తుంటే 'సీక్రెట్ కీ' ఫైల్ కూడా తీసుకెళ్లాలి. పీఎస్ఏలోని పాస్‌వర్డ్‌లు ఆ కీతోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి.

అస్సలు చేయకూడనివి..

* ఐబీడేటా1, ఐబీ లాగ్ ఫైళ్లను డిలీట్ చేయొద్దు.
* పదేపదే రీస్టార్ట్ చేయొద్దు. డిస్క్‌లోనే లోపం ఉంటే నష్టం పెరుగుతుంది.
* ఏ సర్వర్‌లో ఉన్నారో చూసుకోకుండా డిలీట్ కమాండ్ కొట్టొద్దు.

గిట్‌ల్యాబ్‌కి ఏమైందంటే..

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో ఒక ఇంజినీర్ సెకండరీ సర్వర్ అనుకుని మెయిన్ సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ని డిలీట్ చేశారు. ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్ వెతికితే, వెర్షన్ తేడా వల్ల అది ఫెయిల్ అవుతూనే ఉందని అప్పుడు తెలిసింది. చివరికి దాదాపు 6 గంటల ముందు తీసిన కాపీయే దిక్కయింది. ఆ రికవరీని కంపెనీ యూట్యూబ్‌లో లైవ్‌గా కూడా చూపించింది.

అంత పెద్ద టీమ్‌కే ఇలా జరిగితే ఒక్కరే చూసుకునే సర్వర్ సంగతి చెప్పక్కర్లేదు. బ్యాకప్ ఉందా అన్నది కాదు.. అది రీస్టోర్ అవుతుందా అన్నదే అసలు ప్రశ్న. నెలకోసారైనా వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూసుకుంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవాల్సిన పని ఉండదు.